పడవకు అతుకు

కామాటిపుర పదకొండో గల్లీలోని రేకుల షాపులో ముసలి మేస్త్రీ, పడవ చేయించుకోవడానికి వచ్చిన పాలమూరు కూలీని ఎగాదిగా చూశాడు.

“వెల్డింగే కావాల్నా? నున్నగుండనీకె అది పడవనా, పెండ్లిపిల్లనా?”

“గట్ల గాదు కాకా. రివిట్లంటే అన్నీ బొక్కలేనాయె. నీళ్లు కారితే?”

“నలభై ఏండ్లసంది రివిట్లు కొడుతున్న. నీకున్నంత తెలివి నాకు లేకపాయె!”

“వెల్డింగయితే ఒక్కరోజుల అయితదట.”

“అయితది. పగిల్నప్పుడు ఆ వెల్డింగాయన్ని రైలెక్కించి మీ ఊరికి తోల్కపో. రివిట్ ఊడితే సుత్తి చాలు, నువ్వే కొట్టుకుంటవు.”

“మా దిక్కు వెల్డింగోళ్లు లేరా?”

“ఉంటరు రాజా. మీ ఊర్ల కరెంటుందా?”

“ఉండె కాకా. పోయినేడు స్తంభాలేసిండ్రు, ఈ ఏడు డ్యామ్‌ల నీళ్లాపిండ్రు. ఊరు మునిగింది. ఇప్పుడు కరెంటు చేపలకే. మిగిలిన చెల్క భూమి నీళ్లవతల ఉంది. దాటనీకె పడవ.”

మేస్త్రీ రివిట్ల డబ్బా దగ్గరికి లాక్కుని, సుత్తి కూలీ చేతిలో పెట్టాడు.

“నేను లోపల్నుంచి రివిట్‌కు ఇనుప దిమ్మె ఆనిస్త, నువ్వు బయటనుంచి కొట్టు. నేర్చుకొనిపొయ్యి నీ పెండ్లానికి నేర్పు. ఆడ ఆనియ్యనీకె చేపలకు చేతులుండయి.”