రొమ్మెత్తు పిట్టగోడ

ఏమప్పా, ఇంటి పనంతా కాంట్రాక్టుకు ఇచ్చేసినావంటనే? సామాను గూడా వాడే తెస్తాడా? సరిపోయె. కూచో, కూచో. ఆ కుర్చీ వద్దు, దాని కాలొకటి వదులు, ఈ స్టూలు లాక్కో. నీ కాంట్రాక్టరు మంచోడే కావచ్చు, నేను కాదంటానా? నలభై ఏండ్లు మేకులూ బందులూ అమ్మినోణ్ణి, మొదట జమ్మలమడుగులో, ఆమైన ఈ ప్రొద్దుటూర్లో. ఒకటే అడుగుతా చెప్పు. ఆ మనిషి నువ్వు పిలిస్తే వచ్చినాడా, తనంతట తనే వచ్చినాడా? ... ఊఁ. తనే వచ్చినాడా. నవ్వొద్దప్పా, ఊరికే అడగలేదు. సుందరమ్మ టీచరని ఒకామె ఉండె జమ్మలమడుగులో. మీ నాయనకు తెల్సుంటాది, ఆయన చెవి గూడా ఆమె మెలిపెట్టిందే అయ్యుంటాది. మిషన్ బడిలో చెప్తాండె. పెండ్లి చేసుకోలేదు. తెల్ల చీర, నల్ల గొడుగు, ఎండున్నా వానున్నా ఆ గొడుగు. ఆమె అంగట్లోకి వస్తాందంటే నాకు చెమట పట్టేది.

ఎందుకంటావా? అంత అనుమానం ఆయమ్మకు. సిమెంటు మూట విప్పించి మోచెయ్యి దాకా లోపలికి పెట్టేది. చల్లగా తగల్లేదనుకో, "ఇది పాతది ఖలందరూ, నీ ఇంటికి వాడుకో" అనేది. పెన్న ఇసుక అరచేతిలో ఏసి రుద్ది, చెయ్యి మన్నుబారితే ట్రాక్టరునే వెనక్కి తిప్పేది. ఇటుకను ఇటుకతో కొట్టి చెవి కాడ పెట్టుకుని వినేది. గడియ కొంటే నూరుసార్లు లాగి తోసి చూసేది. మా మెహబూబున్నీసా నవ్వేది, "ఆమెకు మొగుడు దొరకలేదంటే దొరక్క కాదు, ఎవుర్నీ పాస్ చేయలేదు" అని. అల్లా ఆమెకు మంచి చోటియ్యాల, మా ఆమె నోరట్లాంటిది. ఏం చెప్తాన్నా? ఆ, మిద్దె. టీచరమ్మది వాళ్ళ తాత కట్టిన మట్టిమిద్దె. వానొస్తే ఇంట్లో ఏడు చోట్ల గిన్నెలు పెట్టేది. మిద్దె మోసే దంతెలు పుచ్చిపోయినాయి. సర్వీసంతా కూడబెట్టుకుని సిమెంటు మిద్దె ఏసుకోవాలని ఆమె ఆశ. ఎనభై ఆరో, ఏడో.

ఆ కాలం నీకు తెలీదు. మా వీధిలో ఇద్దరు ఆయప్పలు. పేర్లొద్దులే, వాళ్ళ మనవళ్ళిప్పుడు ఒకే ఫ్లెక్సీలో పక్కపక్కన నవ్వుతాండారు, మనకెందుకు? ఒకాయన శెనక్కాయల మిల్లాయన, ఇంకొకాయన నాపరాయి క్వారీ ఆయన. ఒకాయన ఒక పార్టీ, ఇంకొకాయన ఇంకొకటి. పార్టీలు తర్వాత వచ్చినాయి, పగ ముందునుంచే ఉండె. మిల్లాయన తమ్ముణ్ణి ముద్దనూరు దావలో చంపినారు, దాంతో వీధిలో అందరూ తలొంచుకుని నడిచేవాళ్ళు. ఇంక తన వంతేనని క్వారీ ఆయన ఇంట్లోనుంచి బయటికి రావడం మానుకున్నాడు. పొద్దున ఒక్కసారి వాకిలి మెట్ల మీద కూచుని పేపరు సదివేవాడు, చుట్టూ మనుషుల్ని పెట్టుకుని. టీచరమ్మ ఇల్లు ఆ వాకిలికి ఎదురుగా, రొంత మెరక మీద. ఇది గుర్తు పెట్టుకో.

మిద్దె పనికి ముందు సంజీవయ్య మేస్త్రీని మాట్లాడింది. చర్చి గోడ కట్టినోడు, ముసలోడు, నమ్మకస్తుడు. పాత మిద్దె పడదోసినాడు, కొలతలు తీసినాడు, మర్నాడు రాలేదు. ఆమే ఇంటికి పోతే మంచంలో పడుకుని "నడుము నొప్పి టీచరమ్మా" అన్నాడంట. "నిన్న దూలం మోసినప్పుడు లేని నొప్పి ఈ పొద్దు యాడిదప్పా?" అంటే గోడవైపు తిరిగి పడుకున్నాడంట. ఇంక ముగ్గుర్ని అడిగింది. ఎవురూ రారు. ఇంటికి కప్పు లేదు, ఆకాశంలో మబ్బులు. అప్పుడొచ్చినాడు ఓబులేసు. వేముల మనిషినన్నాడు. ఇస్త్రీ చొక్కా, నూనె తల. "మేడమ్, కూలి సగం ఇయ్యండి చాలు, మీ దగ్గర సదువుకున్న పిల్లోడు చెప్తే వచ్చినా." ఆమె ఊరుకుంటాదా? "ఏ పిల్లోడు? ఏ సంవత్సరం?" ఏదో పేరు చెప్పినాడు. ఆమె నేరుగా బడికి పోయి పాత రిజిస్టర్లన్నీ తిరగేసింది. అట్లాంటి పిల్లోడు లేడు. లేడని తెల్సినా పని వానికే ఇచ్చింది. ఏం చేస్తాది, మొదటి చినుకు ఆ సాయంత్రమే పడె.

బడికి సెలవు పెట్టి, ఎండలో కుర్చీ ఏసుకుని, గొడుగు పట్టుకుని కూచునేది. కడ్డీ కడ్డీకి జానెడు ఉండాదా లేదా కొలిచేది. సిమెంటు మూటలు సాయంత్రం ఎంచేది, పొద్దున ఎంచేది. ఒకరోజు నా అంగడికొచ్చి, గొంతు తగ్గించి అంటాది, "ఖలందరూ, రెండు మూటలు ఎక్కువుండాయి." "తక్కువుండాయా టీచరమ్మా?" "చెవుడా? ఎక్కువ. తగ్గితే దొంగ అనుకుందును. పెరిగితే ఏమనుకోవాల?" నేను ఏదో అన్నా. నాకు తెల్సప్పా అప్పటికే. అదే చెప్పబోతాన్నా. అంతకు రెండు దినాల ముందు మిల్లాయన మనిషొకడు వచ్చి, గల్లా మీద మోచేతులు పెట్టి, మెల్లగా చెప్పిపోయినాడు. "టీచరమ్మ ఇంటికి ఓబులేసు ఏం అడిగినా ఇయ్యి. ఎందుకని అడగాకు. ఎవురన్నా అడిగినా నీకు తెల్దు." పోతా పోతా, వాకిట్లో ఆడుకుంటాండే మా ఖదీజా తలమీద చెయ్యేసి నిమిరినాడు. అంతే. కత్తి చూపించలేదు, ఏం లేదు.

మర్నాడు ఓబులేసు నా కాడ ఇనుప పైపు కొన్నాడు. మూడంగుళాలది. జానెడు జానెడు ముక్కలు నాలుగు కోయించుకున్నాడు. వాన నీళ్ళకంట. నేను కోసిచ్చినా. స్లాబు పడింది. బాగా పడింది, అబద్ధం చెప్పకూడదు, ఆ పనిలో వంక లేదు. ఆమైన పిట్టగోడ. టీచరమ్మ మోకాలెత్తు చాలనింది. వాడు ఆమె చర్చికి పోయిన ఆదివారం రొమ్మెత్తు లేపేసినాడు, అదీ వీధివైపు మాత్రం. పక్కలు మోకాలెత్తే. పై అంచుకు జానెడు కింద గోడలో నాలుగు పైపు ముక్కలు పెట్టినాడు. ఆమె వచ్చి చూసింది. గొడుగు మడిచి నేరుగా నా అంగడికి వచ్చింది. "ఆ పైపులు నీవేనా?" "అవును టీచరమ్మా." "దేనికి?" "వాన నీళ్ళకు." అప్పా, ఆమె నా మొగం చూసిన చూపు... నేను తక్కెడ తుడవడం మొదలుపెట్టినా. తుడిచిందే తుడిచినా. "నీళ్ళు నేలమీద పార్తాయా, రొమ్ము మీద పార్తాయా ఖలందరూ?" అని పోయింది.

పోయి ఏం చేసిందో ఆమె మా మెహబూబున్నీసాకు తర్వాత చెప్పింది. పైకెక్కి, గోడ కాడ మోకాళ్ళ మీద నిలబడి ఒక కంతలోనుంచి చూసిందంట. వీధి కనపళ్ళేదు. చెట్టు కనపళ్ళేదు. క్వారీ ఆయన మెట్లు కనపడినాయి. రెండో కంతలో చూసింది, అవే మెట్లు. మూడో దాంట్లో, నాలుగో దాంట్లో, అవే. పైపులన్నీ రొంత కిందికి వాలి ఉండాయి. ఆమె ఏటా పిల్లోళ్ళను గండికోటకు తీసకపోయేది గదా, కోట గోడలో కంతలు చూపించి "తుపాకీ ఈడ పెట్టి, శత్రువుకు కనపడకుండా కాల్చేవాళ్ళు" అని పాఠం చెప్పేది గదా. ఆమెకు వేరే ఎవురు చెప్పాల? అప్పుడే ఆ మెట్ల మీదికి క్వారీ ఆయన మనవరాలు వచ్చి కూచునిందంట. వాళ్ళ బడిలోనే ప్రేమమ్మ టీచరు క్లాసులో నాలుగు సదివే పాప. పలక ఒళ్ళో పెట్టుకుని ఎక్కాలు రాస్తాందంట. పైపు అంచు గుండ్రంగా, ఆ గుండ్రం నడిమధ్యలో ఆ పాప తల. ఆమె కండ్లు మూసుకునిందంట.

యాడికి పోవాల చెప్పు? స్టేషన్లో పెద్దాయన రోజూ మిల్లు కాడే టీ తాగేవాడు. క్వారీ ఆయనకు చెప్తే? ఆ పొద్దే మిల్లు కాలిపోయేది, మిల్లులో మూటలు కుట్టే ఆడోళ్ళు గూడా ఉంటారు లోపల. వీళ్ళకు చెప్తే వాళ్ళు చస్తారు, ఎవురికీ చెప్పకపోతే వీళ్ళు చస్తారు. పాస్టరు కాడికి పోతే "ప్రార్థన చేద్దాం సుందరమ్మా" అన్నాడంట. చేసిందంట. చేసి, పొద్దున తొమ్మిదికి, వీధంతా జనం ఉండగా, నా అంగడికి వచ్చె. "సమ్మెట ఒకటి ఇయ్యి. పిడి చూసి ఇయ్యి." నేను ఇచ్చినా. ఆమె ఈసారి పరీక్ష చేయలేదు. తీసుకుని పోయింది.

కొంగు నడుముకు చుట్టి, మిద్దెక్కి, కొట్టడం మొదలుపెట్టె. యాభై ఏండ్ల మనిషి. కొత్త సిమెంటు, సరిగ్గా నీళ్ళు పోసిన గోడ, ఊరికే పడతాదా? దబ్, దబ్ అని వీధంతా మోగుతాంది. అందరూ తలలెత్తి చూస్తాండారు. ఓబులేసు ఉరుక్కుంటా వచ్చినాడు. "మేడమ్! మేడమ్! ఏం చేస్తాండారు?" "నా గోడ. ఎత్తెక్కువైంది. నాకు గాలి రావల్ల." "నేను దించుతా దిగండి మేడమ్." "నువ్వు కట్టింది చాలు." అంతే అనింది. తుపాకీ అనలేదు, మిల్లనలేదు, కంత అని గూడా అనలేదప్పా! ఒక్క మాట జారింటే అయిపోయేది. గాలి రావల్ల, ఎత్తెక్కువైంది, ఇవే మాటలు మళ్ళీ మళ్ళీ, వీధికంతా వినపడేటట్టు. మిల్లాయన మనుషులిద్దరు టీ కొట్టు కాడ నిలబడి చూస్తాండారు. క్వారీ ఆయన మనుషులు ఈ పక్క. ఎవురూ కదల్లేదు. ఏమని కదుల్తారు? ముసలి పంతులమ్మ తన ఇంటి గోడ తాను కొట్టుకుంటాంది.

ఒక్కరు గూడా సాయం పోలేదు. నేను గల్లా కాడే ఉండా. అప్పుడు చూస్తే మా మెహబూబున్నీసా గంప చంకన పెట్టుకుని అంగడి ముందర పోతాంది. "ఏయ్, యాడికి?" అన్నా. "పెళ్ళలు ఎత్తిపొయ్యల్ల గదా. టీచరమ్మ ఒక్కతే ఎన్ని మోస్తాది?" అని నా వైపు తిరక్కుండా పోయింది. ఇద్దరూ మధ్యాహ్నం దాకా కొట్టినారు. మొదటి పైపు ముక్క వీధిలో పడి, దొర్లుకుంటా వచ్చి కాలవలో పడింది. ఎవురూ తీయలేదు.

వాళ్ళను ఎవురూ ఏమనలేదు. మిల్లాయన మనుషులు ఏమన్నా అంటే తుపాకీ సంగతి ఒప్పుకున్నట్టే గదా. ఓబులేసు ఆ సాయంత్రం బస్సుకే పోయినాడు, మళ్ళా కనపళ్ళేదు. నెల లోపల క్వారీ ఆయన ఆ వాకిలి మూసేయించి పెరటివైపు కొత్త వాకిలి పెట్టించినాడు. అర్థమైంది ఆయప్పకు. టీచరమ్మను పలకరించలేదు, టీచరమ్మా పోలేదు. ఆయప్పను రెండేండ్లకు ఎర్రగుంట్ల కాడ చంపినారు, అది వేరే. ఆ పాప బతికింది. పులివెందులకు కోడలుగా పోయింది, మొన్న పెండ్లిలో కనపడె, తల నెరిసింది.

టీచరమ్మా? రిటైరై, చెల్లెలు దీవెనమ్మ కాడికి పోతా, ఊర్లో అందరికీ చెప్పుకుంటా నా అంగడికి గూడా వచ్చింది. ఎవురూ లేరు అంగట్లో. గొడుగు గల్లా మీద పెట్టి, బడిలో పిల్లోణ్ణి అడిగినట్టు మెల్లగా అడిగింది. "ఖలందరూ, ఆ పొద్దు పైపులు కోసిచ్చినప్పుడు నీకు తెల్సునా?" అప్పటికి మిల్లాయన గూడా చచ్చి ఏడాదైంది. ఖదీజాకు పెండ్లి చేసి పంపించేసినా. నన్ను భయపెట్టేవాడు ఒక్కడు లేడు. ఉన్నదున్నట్టు చెప్పేయొచ్చు. ఆమె గూడా అదే వినాలని వచ్చింది. నేను, "తెల్దు టీచరమ్మా" అన్నా.

"సరే" అనింది. గొడుగు తీసుకుని మెట్లు దిగింది...

... ఏందప్పా? లేదు, ఏం లేదు. ఆ టీ తాగు ముందు, పైన మీగడ కట్టింది చూడు.