జోడు సైకిల్ వెనక సీటు

రెండు సైకిళ్లు అతికించి చేసిన జోడు సైకిల్ మీద, వేరే సైకిళ్లెక్కిన దోస్తులతో తుల్జాపూర్ గుడికి పోయివచ్చిన మర్నాడు, దాజీ పేట్‌లో మోకాలు వాచి ఇంట్లో కూర్చున్న ముందు సీటు చేనేత మనిషి దగ్గరికి వెనక సీటువాడు వచ్చాడు.

“మగ్గం మీద కూసోలేదా అన్నా?”

“మోకాలు వంగుతలేదు తమ్మీ. చలికి పట్టేసినట్టుంది.”

“చలికి కాదన్నా. ఘాట్ ఎక్కుడు మొదలైనకాడి నుంచి నేను తొక్కనే లేదు. పెడల్ దానంతట అదే తిరుగుతుంటే ఖాలీ కాళ్లు పెట్టి కూసున్న.”

“ఎరుకే.”

“ఎట్ల?”

“ముప్పై ఏండ్లు మగ్గం తొక్కిన కాళ్లు. ఎనక బరువు తగ్గితే తెల్వదా?”

“పవర్‌లూమ్‌ల చేరినకాడి నుంచి నిలవడుడే పని. కాళ్లల్ల దమ్ము పోయింది. దోస్తుల ముంగట చెప్పనీకి సిగ్గయింది.”

“పోనీ తీ. చాయ్ తాగు.”

“వద్దన్నా. మనం ఎనకవడితే, ముసలోడు అలిసిపోయిండని అందరు నిన్ను జూసి నవ్విన్రు గద.”

“నవ్వనీ. దోస్తులే గద.”

“నేను గూడ నవ్విన.”

చేనేత మనిషి వాచిన మోకాలు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

“అది ఎరుకలేదు తమ్మీ. నా మొఖం ముంగటికుండె.”