ఏ బుజ్జి బ్యాకప్?

హలో… ఆ, నేనేనే లోవా, దేవికక్కని. రెజిమెంటల్ బజార్‌లో, అబ్రహాం గారి రిపేరు షాపులోనే ఉన్నాను. నాన్న పక్కనున్నాడా?… అయితే కాస్త ఇవతలికి రా.

ఎక్కడ బాగైందే! నా గేమ్ డబ్బా అప్‌డేట్ మధ్యలో చచ్చింది కదా… ఆ, ఇదివరకు సర్వీసుకిచ్చినప్పుడు ఆయన తీసిపెట్టిన బ్యాకప్ ఉంది. ఒకటి కాదు, రెండు. అదే గొడవ. నీ డబ్బాదీ ఇక్కడే ఉంది, నాదీ ఇక్కడే ఉంది, రెండిటికీ పేరు 'బుజ్జి'!

…ఆయన్ననకు. ఆయన అడిగితే మనిద్దరం చెప్పిన పేరే. నాన్నకి నువ్వూ బుజ్జివే, నేనూ బుజ్జినే, అబ్రహాం గారేం చేస్తారు పాపం?

ఏదో ఒకటి ఎక్కించమనడానికి అదేమన్నా ఇడ్లీ రేకా! ఏ డబ్బా తాళం ఆ డబ్బాకేనట. నీది తెచ్చి నాదాంట్లో ఎక్కిస్తే ఇంక జన్మలో లేవదట.

ఆటలు పోతే పోనీవే! నాన్న గొంతుంది అందులో. ఆపరేషన్‌కి ముందురోజు నవ్వుకుంటూ రికార్డు చేశాం, చూడు… ఫోన్లో లేదు తల్లీ! గొంతే తీసేస్తారని మనకేటి తెలుసు?

విను. ఒక ఫైలు ఆరో తారీఖుది, ఒకటి పద్దెనిమిది. ఆపరేషన్ పన్నెండున. ఆరోది నాదైతే… అయిపోయినట్టే. ఆసుపత్రి హడావుడిలో నాదెప్పుడిచ్చానో నాకే గుర్తులేదు. నువ్వు నీది ఎప్పుడిచ్చావ్?… ఏటే, గుర్తులేదా? చంపుతాను! 'జెర జల్ది చెప్పున్రి మేడమ్' అని ఇక్కడ అబ్రహాం గారొకరు… ఆగండి బాబూ!

ఆఫీసులో చేరిన రోజా?… ఖాయమేనా?… అవునవును, మోండా మార్కెట్లో చెప్పులు తెగి ఏడ్చావు! అది సోమవారం. ఆరు. అయితే పద్దెనిమిది నాదే!

అబ్రహాం గారూ, పద్దెనిమిదిది ఎక్కించండి…

ఫోన్ పెట్టకు. ఎక్కుతోంది… సగమైంది… మాట్లాడకు… అయ్యో, మాట్లాడవే, ఏదో ఒకటి!… వెలిగింది! వెలిగిందే లోవా!

నాన్న దగ్గరికెళ్ళు. స్పీకర్ పెట్టు… అబ్రహాం గారూ, ఆ మైకు బొమ్మ మీద నొక్కండి…

…విన్నావా? 'అన్నం తిన్నావా బుజ్జీ' అంటున్నాడు! ఒసే, నువ్వేడవకే… నాన్నేం చేస్తున్నాడు?… పెదాలు కదుపుతున్నాడా? అదే మాటా?

…నాన్నా. తినలేదు నాన్నా. వస్తున్నాను. వచ్చి తింటాను… పెట్టేయవే, నావల్ల కాదు—