పెద్దులు డ్రమ్ము తుపాకీ

దేవరకొండ బస్టాండు ఎదురుగా గుర్వమ్మ చాయ్ హోటల్లో ఆ పొద్దున పెద్దులు గొంతు మామూలు కంటే రెండింతలు లేచింది. కారణం, మూల బల్ల మీద కూర్చున్న కమలాకర్. కొత్త పత్తి మిల్లుకు మేనేజరు. వాచ్‌మెన్ కోసం వెతుకుతున్నాడు, మిలిటరీలో చేసినవాడైతే మేలంటున్నాడు. ఆ కొలువు దొరక్కపోతే పెద్దులు మళ్లీ హైదరాబాదు పోయి ఏదో అపార్టుమెంటు గేటు కాడ నిలబడాలి. ఊరు విడవడం అతనికి చచ్చినా ఇష్టం లేదు.

"చిన్న మిషన్‌గన్లకు తూటాలు పెట్టే మ్యాగజైన్లు రెండు తీర్లుంటయి సార్. ఒకటి పొడుగు డబ్బా, ముప్పై పడతయి. తేలిక, మొరాయించదు. ఇంకోటి గుండ్రని డ్రమ్ము, డెబ్బై పడతయి. బరువు, నడుస్తుంటె లోపల గలగలమంటది. అందరు డబ్బా తీస్కుంటే నేను డ్రమ్ము తీస్కున్న. మొదాలు ఒక్క తేలును కొట్టిన, గంతే."

"తేలుకు మిషన్‌గన్నా?" అన్నాడు ఆటో సోమన్న.

"జర ఆగు. ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? గుట్ట మీదికెళ్లి దుష్మన్లు రెండు వందల మంది దిగిన్రు. మావోళ్ల డబ్బాలు ఖాళీ. నేను పొద్దుగాల మొదలువెట్టి పొద్దుగూకెదాంక ఆపలే. నూట యాభై తూటాలు..."

"ఇందాక డెబ్బై అంటివి గద మామా?" అన్నాడు సోమన్న.

"డ్రమ్ము తిరుగుతున్న కొద్ది ఊరుతయిరా!" అని పెద్దులు కసిరాడు. "అయిదు వందలు కొట్టిన! గొట్టం ఎర్రగ కాలింది. ఖాళీ డ్రమ్ముల నీళ్లు పోసి, గొట్టం మీద పెట్టి, మా నూట ఇరవై మందికి చాయ్ కాసిన. గా వాసనకు దుష్మన్లు తుపాకులు పారేసి గ్లాసులు పట్టుకొని లైన్ల నిలవడ్డరు!"

హోటలంతా పకపకా నవ్వింది. కమలాకర్ మాత్రం నవ్వలేదు.

గుర్వమ్మ గరిటె ఆపింది. "నూట ఇరవై మందికి సామానెంత పడ్డదే అన్నా?"

"పాలు ఎనిమిది లీటర్లు, నీళ్లు ఆరు, చక్కెర కిలోన్నర, ఆకు నాలుగు వందల గ్రాములు. అల్లం ముందుగాల నీళ్లల్ల మరగాలె, పాలల్ల ఏస్తె ఇరుగుతయి," అన్నాడు పెద్దులు ఊపిరి తీసుకోకుండా.

"తూటాలు డెబ్బై నుంచి అయిదు వందలకు ఎగబాకినయి గని, చక్కెర కాడ ఇసుమంత తడబడలే. నువ్వు మిలిటరీల వంటోనివి గదనే?"

పెద్దులు సిగ్గుతో చచ్చిపోయాడు. "ఇరవై రెండేండ్లు," అన్నాడు చాయ్ గ్లాసులోకి చూస్తూ. "తుపాకులు మోసేటోళ్లకు రొట్టెలు చేసిన."

కమలాకర్ లేచాడు. "వాచ్‌మెన్ కొలువు నీకియ్య. దొంగలొస్తె కూసోవెట్టి చాయ్ పోస్తవు."

పెద్దులు తల ఇంకా కిందికి దిగింది.

"మిల్లుల ఎనభై మంది హమాలీలున్నరు. వండేటోడు లేక పస్తులుంటున్నరు. రేపు పొద్దుగాల ఆరింటికి రా. తుపాకి తేకు."