మామగారి కారుకు ఫ్రిజ్ కంప్రెసర్

దర్జీ కారు పద్దెనిమిదేళ్ల పాతది. వారం నుంచి దాంట్లో ఏసీ వేస్తే పొయ్యి ముందు కూర్చున్నట్టు సెగ కొడుతోంది. మర్నాడు మధ్యాహ్నం కూతుర్నీ, ఆరు రోజుల మనవరాలినీ ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకురావాలి. బయటేమో తారు కరిగే ఎండ. కంప్రెసర్ పోయిందని పక్క షాపు ఆయన అన్నాడు. ఆ మాట వినగానే భయం కన్నా ముందు కుతూహలం పుట్టింది దర్జీకి. అసలు అదెలా ఉంటుంది? చల్లదనం ఎక్కణ్నుంచి తెస్తుంది? అందుకే టీ కొట్టు ముందు కారాపి, బెంచీ మీదున్న వాళ్లని అడిగాడు.

"కంప్రెసర్ మార్చడం కష్టమాండీ?"

"కష్టమా?" అంటూ బాబాయ్ సర్దుకుని కూర్చున్నాడు. ఆయన ఎవరికి బాబాయో తెలీదు గానీ వీధి మొత్తానికీ బాబాయే. ముప్పయ్యేళ్లు పోస్టాఫీసులో ముద్రలు కొట్టి రిటైరయ్యాడు. "మా మామగారి కారుకు నేనేగా మార్చింది! ఒక్క పానా, ఒక్క మధ్యాహ్నం. అంతే."

"ముందు పాత గ్యాసు తీసెయ్యాలంటగా బాబాయ్?" దర్జీ బెంచీ చివర కూర్చుంటూ అడిగాడు.

"తీశాను. మిషన్లూ గిషన్లూ ఎవడికి కావాలి, గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చేశాను. మూడు రోజులపాటు నేను మాట్లాడితే ఎదుటివాళ్ల కళ్లద్దాలకి మంచు పట్టేది. సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ మోడల్ కంప్రెసర్ ఊళ్లో ఎక్కడా లేదు. నేను తగ్గే రకమా? తిన్నగా ఇంటికెళ్లి మా ఫ్రిజ్‌లోది ఊడబీక్కొచ్చి కారుకు బిగించేశాను."

"పిన్ని ఊరుకుందా?" టీ వడకడుతూ అడిగింది కొట్టు అక్క.

"పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు. అది అదనపు లాభం."

అందరూ నవ్వారు. దర్జీ నవ్వలేదు. రోజూ కుట్టుమిషను చక్రానికి బెల్టు ఎక్కించే మనిషి కదా, అతని మనసు అక్కడే చిక్కుకుంది. "ఫ్రిజ్‌ది కరెంటుతో నడుస్తుంది కదా బాబాయ్. కారులోది ఇంజను బెల్టుతో తిరగాలన్నారు. మరి బెల్టు దేనికి తగిలించావు?"

బాబాయ్ ఈసారి టీ కాస్త నిదానంగా తాగాడు. "నీలాంటి తెలివైనవాడు ఎప్పుడో అప్పుడు అడుగుతాడని నాకు తెలుసు. బెల్టు వెయ్యలేదబ్బాయ్. నా పట్టుదల చూసి దానంతటదే తిరిగింది!"

"తిరిగిందీ?"

"తిరగడమంటే అలా ఇలానా! ఏసీ మీట ఒకటి మీద పెట్టానో లేదో, వెనక సీట్లో మామగారి మీసం కడ్డీలా బిగుసుకుపోయింది. ఆయన ఏదో తిట్టాడు, ఆ తిట్టు కూడా సగంలో గడ్డకట్టింది. నాలుగు రోజుల తర్వాత అది కరిగి, పాపం, వంటింట్లో ఉన్న మా అత్తగారికి వినిపించింది! కిటికీ అద్దం దించాను చూడు, వీధంతా స్వెట్టర్లే. మూడు మీదికి తిప్పాను. చెరువు గడ్డకట్టి బాతులన్నీ నడుచుకుంటూ ఇళ్లకెళ్లాయి."

"నాలుగు మీద పెట్టలేదా?" లారీ డ్రైవరు ఉండబట్టలేక అడిగాడు.

"పెట్టబోతుంటే వాతావరణం ఆఫీసువాళ్లు జీపేసుకొచ్చి నా కాళ్లు పట్టుకున్నారు. 'అయ్యా, ఎండాకాలం మీదే మా ఉద్యోగాలున్నాయి' అని!"

కొట్టంతా గొల్లుమంది. ఈసారి దర్జీ కూడా నవ్వాడు. నవ్వుతూనే లేచి నిలబడ్డాడు.

"మామగారి మీసం సంగతి నాకెందుకు గానీ బాబాయ్, రేపు నా మనవరాలు ఆ కారులో రావాలి. పసిగుడ్డు. బండి ఇక్కడే ఉంది. కాస్త తెరిచి కంప్రెసర్ ఎక్కడుందో చూపించు, చాలు."

అందరి కళ్లూ బాబాయ్ మీదే. ఆయన గ్లాసు పక్కన పెట్టి, చొక్కా చేతులు మడిచి, కారు ముందుకెళ్లాడు. బానెట్ అంచు పట్టుకుని లాగాడు. రాలేదు. పైన రెండు దెబ్బలు వేశాడు. రాలేదు. దీపాల దగ్గర తడిమాడు, నంబరు ప్లేటు కింద వేళ్లు పెట్టి వెతికాడు, చివరికి అద్దం తుడిచే పుల్లని కూడా పైకెత్తి చూశాడు.

గ్లాసులు కడుగుతున్న అక్క తలెత్తకుండానే అంది: "బాబాయ్, దాని మీట లోపల, స్టీరింగ్ కింద ఉంటుంది."

బాబాయ్ ముఖం తుడుచుకున్నాడు.

"నేను మార్చినప్పుడు అది తెరిచే ఉందమ్మా!"

లారీ డ్రైవరు తాగుతున్న టీ ముక్కులోంచి వచ్చింది. నవ్వులు ఎంతకీ ఆగలేదు. బాబాయ్ మాత్రం కదలకుండా ఆ మూసిన బానెట్‌నే చూస్తున్నాడు. ఆ చూపు దర్జీకి అర్థమైంది. అది సిగ్గు కాదు, తనలో ఉన్నలాంటి కుతూహలమే.

అతను ఎడమ తలుపు తీసి పట్టుకున్నాడు. "ఎక్కు బాబాయ్, మెకానిక్ దగ్గరికెళ్దాం. కంప్రెసర్ ఎలా ఉంటుందో ఇద్దరం చూద్దాం."