మాస్టారు ఇవ్వని ఉత్తరం

మాస్టారి శ్రీమతి దమయంతి గారికి, ఏజాక్స్ ఊరి నుంచి వచ్చిన బాలకుమారి గారికి, వాళ్ళ శాఖ సభ్యులకి, మన పెద్ద తెలుగు సంఘం వాళ్ళకి నమస్కారం. రామమోహనరావు మాస్టారు పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. సెక్రటరీగా రెండు మాటలు రాసుకొచ్చాను. అవి చదవలేను. పొద్దున దమయంతి గారు ఒక కవరు నా చేతిలో పెట్టారు. అప్పట్నుంచి నాకేమీ పాలుపోవడం లేదు.

ఈ దేశం రాకముందు మాస్టారు తెనాలిలో చరిత్ర లెక్చరరు. ఎప్పుడు కలిసినా ఒకటే కథ. రెండున్నర శతాబ్దాల కిందట ఇంగ్లండు పార్లమెంటులో ఒక పెద్దమనిషి లేచి, అమెరికా వలసలతో యుద్ధం వద్దు, రాజీ పడదాం అని గంటల తరబడి వాదించాడట. హక్కు మనదే కావచ్చు, చుట్టరికం తెగాక ఆ హక్కుతో ఏం చేసుకుంటాం అన్నది ఆయన వాదన. విన్నారా? వినలేదు. యుద్ధం వచ్చింది, వలసలు పోయాయి. నేను విసుక్కునేవాణ్ణి. ఆయన వాళ్ళ సామ్రాజ్యం నిలబడాలనే కదా వాదించాడు, మనల్ని ఏలినవాళ్ళ గొడవ మనకెందుకు సార్ అని. "ఓడిపోయిన మంచి మాటని ఎవరో ఒకరు మోయాలి కదయ్యా డేవిడ్‌సన్" అనేవారు. అది జవాబేనా? నాకిప్పటికీ తెలియదు.

పెద్ద సంఘం ఉగాది చేశాకే శాఖలు చెయ్యాలని మన రూలు. మూడేళ్ళ కిందట ఏజాక్స్ వాళ్ళకి హాలు మనకంటే రెండు వారాల ముందే దొరికింది, చేసేశారు. చైత్రం రాకముందే పచ్చడి తింటారా అని మనం మండిపడ్డాం. "మనం మాత్రం పాడ్యమి నాడు చేశామా? ఇక్కడ పంచాంగం హాల్ బుకింగ్ చూసుకుని నడుస్తుంది. పచ్చడి కోసం ఒక ఊరి వాళ్ళనే పోగొట్టుకుంటారా" అని మాస్టారు నవ్వుతూనే బతిమాలారు. విన్నామా? శాఖను రద్దు చేస్తూ ఉత్తరం టైప్ చేసి, సంతకం పెట్టింది నేనే. ఈమెయిల్ చేయబోతే ఆపారు. "తెగతెంపుల కాగితం మనిషే తీసుకెళ్ళాలి" అని తానే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళారు. సాయంత్రం ఫోన్ చేసి "వెళ్ళొచ్చానయ్యా" అన్నారు. ఇచ్చారా అని నేనడగలేదు.

ఆ తర్వాత కూడా ఏజాక్స్ బ్యానర్ మీద మన సంఘం పేరే. ఎంత పొగరు అనుకున్నాం. క్రిస్మస్‌కి పిలిచారు, వెళ్ళలేదు. బాలకుమారి గారూ, మేమెందుకు మొహం చాటేశామో మీకు అర్థమై ఉండదు. ఆ కవరు ఇదిగో, అంటించినది అంటించినట్టే ఉంది. మిమ్మల్ని మేం రద్దు చేశామమ్మా. ఆ సంగతి మీకు ఇప్పుడే తెలుస్తోంది.

మాస్టారు చేసింది మోసమా, మంచా? కమిటీని వంచించారని కోపం రావాలి. వస్తోంది కూడా. మరి ఈ ఏడుపేమిటి? ఆయన ఆ ఉత్తరం ఇచ్చి ఉంటే ఇవాళ మీరీ హాల్లో ఉండేవారా? ఇవ్వనందువల్ల మూడేళ్ళు మా కోసం ఊరికే ఎదురుచూశారే, అది మాత్రం పాపం కాదా? నాకేం తెలియడం లేదు. మమ్మల్ని క్షమించండి. అదొక్కటే తెలుస్తోంది.

మన సంఘంలో తీర్మానానికి చేతులెత్తం, ఒప్పుకున్నవాళ్ళం లేచి నిలబడతాం. ఆ రద్దును కొట్టేయాలని ప్రతిపాదిస్తున్నాను. నాకా అధికారం ఉందో లేదో తెలియదు. ఎలాగూ మాస్టారి కోసం రెండు నిమిషాలు మౌనంగా నిలబడాలి. ఇష్టమున్నవాళ్ళు రెంటికీ కలిపి లేవండి. లేనివాళ్ళు మాస్టారి కోసమైనా లేవండి. నేను కళ్ళు మూసుకుంటాను. ఎవరు దేనికి లేచారో చూడను.