ఒకే ఒక్క ఐసు ఫ్యాక్టరీ

కోర్టు వరండాలో ఐసు ఫ్యాక్టరీ యజమాని కూర్చుంటున్నాడు, లేస్తున్నాడు. ఆయన లాయరమ్మ పెన్ను మూత పెడుతోంది, తీస్తోంది. సాక్షుల జాబితాలో ఒక పేరు ఆమెకు మింగుడుపడటం లేదు.

"ధర తగ్గించడం కూడా నేరమేనా అమ్మా?"

"కాదండీ. పక్క ఫ్యాక్టరీని మూయించాలనే తగ్గించారని వాళ్లు రుజువు చెయ్యాలి."

"నా కడుపులో ఏముందో వాళ్లకెలా తెలుస్తుంది? జనానికి మేలు చేద్దామనుకున్నానంతే."

"తగ్గించిందెప్పుడు?"

"మార్చిలో. అతను చేతగాక జూన్‌లో మూసుకున్నాడు."

"మరి మీ గేటు మీద కొత్త బోర్డు?"

"'ఊళ్లో ఒకే ఒక్క ఐసు ఫ్యాక్టరీ' అనేదా? నిజమేగా!"

"ఇప్పుడు నిజమే. కానీ ఆ బోర్డు మీరు ఫిబ్రవరిలోనే రాయమన్నారని పెయింటర్ సాక్ష్యం చెప్పబోతున్నాడు."

ఆయన తేలిగ్గా నవ్వేశాడు.

"ఓ, అదా! వాడి దగ్గర ఏ పనైనా నెలల తరబడి నానుతుందమ్మా. అందుకే ముందుగా చెప్పి ఉంచాను."